నాజూకు మనిషి

పెళ్లిచూపుల్లో పిల్ల నాజూకుగా ఉందంటే మెచ్చుకోలు. కాపురానికొచ్చాక అదే మాట దెప్పిపొడుపు. తెల్లాపూర్‌లో ఇరవై అంతస్తుల అపార్టుమెంటుకు వాచ్‌మన్‌గా ఉన్న ఓంకార్ ఆ మాటను భార్య భాగ్యమ్మకూ వాడేవాడు, గేటు గదిలోని పొగ అలారానికీ వాడేవాడు. ఒక మాట గట్టిగా అంటే ఆమె కళ్లనీళ్లు పెట్టుకునేది, కుక్కర్ కూతేస్తే ఉలిక్కిపడేది. అలారం సంగతి మరీ అన్యాయం. శుక్రవారం ఎవరింట్లో సాంబ్రాణి వేసినా లబలబలాడేది. "జర నాజూకుది సార్" అని నవ్వుతూ దాని నోరు నొక్కేయడం అతనికి అలవాటైపోయింది.

ఆ శుక్రవారం సాయంత్రం తొమ్మిదో అంతస్తులో వంటపనికి వెళ్లిన భాగ్యమ్మ ఫోన్ చేసింది.

"ఏమయ్యా, ఏదో కాలిన వాసనొస్తున్నది. ఇంట్ల ఎవ్వరు లేరు. నాకు భయమైతున్నది."

"పక్కింట్ల సాంబ్రాణి ఏసిన్రేమో. ప్రతిదానికి ఏంది నీ పరేషాన్? గింత నాజూకైతే ఎట్ల బతుకుతవే?"

ఆమె ఫోన్ పెట్టేసింది.

కాసేపటికి గేటు గదిలోని అలారం పెట్టె మీద తొమ్మిదో అంతస్తు దీపం ఎర్రగా వెలిగి అలారం మోగింది. ఓంకార్ చూడకుండానే మీట నొక్కేశాడు. ఆ పక్కనే పదో అంతస్తు దీపం వెలిగింది. ఆ పైన పదకొండోది. సాంబ్రాణి అంత దూరం పాకదు. భాగ్యమ్మకు ఫోన్ చేస్తే ఎత్తలేదు. అలారాన్ని ఆపడమే తప్ప మళ్లీ మోగించడం అతనికి రాదు. కనబడ్డ మీటలన్నీ నొక్కి, ఫలితం లేక, మెట్ల వైపు పరుగెత్తాడు.

"మంటలు! బయటికి రండి!" అని ప్రతి అంతస్తులోనూ అరిచాడు. ఒకావిడ తలుపు తీసి, "సాంబ్రాణి పొగేనయ్యా, ఎందుకంత కంగారు?" అని మూసేసుకుంది. రోజూ తను చెప్పే మాటే అది. భయంతో అతనికి ఏడుపొచ్చింది.

తొమ్మిదో అంతస్తులో కరెంటు తీగలు కాలుతున్నాయి. వరండా అంతా నల్లటి పొగ. తడుముకుంటూ వెళ్లి ఆమె పనిచేసే ఇంటి తలుపు బాదాడు. వెంటనే తెరుచుకుంది. కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని భాగ్యమ్మ గడియ దగ్గరే నిలబడి ఉంది. చెయ్యి పట్టుకుని కిందికి లాక్కొచ్చాడు. అప్పటికి జనం దగ్గుతూ, పిల్లల్ని ఎత్తుకుని, మెట్లు దిగుతున్నారు.

ఆరుబయటికి వచ్చాక అతను ఆమె వైపు తిరిగాడు.

"తలుపు కాడనే ఉంటివి గద! బయటికెందుకు రాలే?"

భాగ్యమ్మ చాలాసేపు దగ్గింది.

"నిజంగనే పొగనా, నాకే గట్ల అనిపిస్తున్నదా అని చూస్తున్న" అంది.