నలభై నిమిషాల బొమ్మ

బొరుగులు నీళ్ళలో వేసి తియ్యడానికి ఒక ఒడుపు ఉంది. వేసీ వెయ్యగానే పిండెయ్యాలి. కాస్త ఆలస్యమైతే ముద్దైపోతాయి, తొందరపడి తీస్తే గొంతుకి అడ్డం పడతాయి. సుగలా ఎడమ చంకలో పిల్లాణ్ణి ఇరికించుకుని కుడిచేత్తో మూడో వాయి పిండుతోంది. అరవై మందికి సుసలా, అదే బొరుగుల ఉప్మా, చెయ్యాలి. పది గంటలకల్లా గిన్నె గ్యాలరీకి చేరాలి. నిన్న మొగుడు మల్లినాథ చెప్పులు వేసుకుంటూ పురమాయించిన పని అది. “హోటల్ నుంచి తెప్పిస్తే పరాయిగా ఉంటుంది. నువ్వు చేస్తే మనవాళ్ళ పండగలా ఉంటుంది,” అన్నాడు.

మనవాళ్ళంటే కలబురగిలోని ఏడుగురు చిత్రకారులు. ఏడాదికోసారి స్టేషన్ వెనక పాత పత్తి గోదాం అద్దెకు తీసుకుని, సున్నం కొట్టించి, తమ బొమ్మలు తగిలిస్తారు. ఈసారి బెంగళూరు నుంచి ఒక మేడమ్ వస్తోంది. ఏడుగురిలో ఒకరి బొమ్మల్ని అక్కడి పెద్ద ప్రదర్శనకి తీసుకుపోతుందట. మూడు నెలలుగా మల్లినాథ ఇంట్లో ఉన్నది తక్కువ, స్నేహితుడి గదిలో బొమ్మ వేస్తూ ఉన్నది ఎక్కువ. ఏం వేస్తున్నావంటే చెప్పలేదు. “అక్కడే చూద్దువుగాని” అని నవ్వేవాడు.

చంకలో సిద్ధు గింజుకుని ఏడుపందుకున్నాడు. ముందుగదిలోంచి అత్త గురుబాయి గొంతు వెంటనే వచ్చింది.

“ఏడిపించకే వాణ్ణి! ఉబ్బిన బొడ్డు చాలదా, ఇంకా ఉబ్బాలా?”

సుగలా చెయ్యి ఆగింది. తొమ్మిది నెలలుగా ఏదో ఒక రూపంలో రోజూ వినే మాటే. అయినా ప్రతిసారీ కొత్తగా తగులుతుంది. అప్పటికి సిద్ధూకి రెండో నెల. అత్త సిందగిలో పెళ్ళికి వెళ్ళింది. సుగలాకి పాలు గడ్డకట్టి, రొమ్ము రాయిలా అయి, ఒళ్ళు పేలిపోయే జ్వరం. మధ్యాహ్నం మాత్ర మింగి, పిల్లాడికి పాలిస్తూనే ఎటో వెళ్ళిపోయింది. అది నిద్రో, తెలివి తప్పడమో ఆమెకే తెలియదు. కళ్ళు తెరిచేసరికి మల్లినాథ చేతుల్లో పిల్లాడు నీలం తిరిగి, గొంతు పోయి, ఎక్కిళ్ళు పెడుతున్నాడు. “ఇప్పుడే గేటు తీశాను. సందు మొదట్లోకే వినపడుతోంది ఏడుపు. పక్కనే పడుకున్న తల్లికి వినపడదా? ఇలా ఎలా నిద్రపోతావు సుగలా?” అన్నాడు. మర్నాడు పెళ్ళి నుంచి వచ్చిన తల్లికీ అదే చెప్పాడు. వారం తిరిగేసరికి పిల్లాడి బొడ్డు ఉసిరికాయంత పైకి వచ్చింది. డాక్టరమ్మ చూసి, ఇది చాలామంది పిల్లల్లో ఉండేదే, ఏడిస్తే వచ్చేది కాదు, రెండేళ్ళకి దానంతటదే సర్దుకుంటుంది అంది. ఆ మాట ఇంటిదాకా వచ్చి గుమ్మం బయటే ఆగిపోయింది. గురుబాయి బొడ్డు మీద రూపాయి బిళ్ళ పెట్టి గుడ్డ కట్టింది. పాలుపోసేవాడికీ, ఎదురింటివాళ్ళకీ, పిల్లాణ్ణి చూడవచ్చిన చుట్టాలకీ ఒకటే కథ: “అంతా మా కోడలి నిద్ర చలవ!”

ఆ తర్వాత సుగలా నిద్రపోయింది లేదు. పడుకోవడం పడుకుంటుంది. ఊయల తాడు కాలి బొటనవేలికి కట్టుకుని మరీ పడుకుంటుంది. తాడు కదిలితే లేస్తుంది. కదలకపోతే, పిల్లాడికి ఊపిరి ఆడుతోందో లేదో అని లేస్తుంది. పైవాళ్ళు అన్నది ఒక ఎత్తు, తనను తాను అనుకున్నది ఒక ఎత్తు. ఏ తల్లికైనా వినపడుతుంది కదా. కుక్కకైనా వినపడుతుంది కదా. నాకెందుకు వినపడలేదు? నాలో తల్లి అనేది లేదేమో, పైపైన చేస్తున్నానేమో, వీడికి ఇంకేమేం చేటు చేస్తానో. పిల్లాడికి స్నానం చేయిస్తున్నా అదే ఆలోచన, రొట్టె తడుతున్నా అదే ఆలోచన. ఇరవై రెండేళ్ళకే ఆమె కళ్ళ కింద మసి పూసినట్టుంది.

ఒకప్పుడు ఆ కళ్ళకి పేరుండేది. బొమ్మల కాలేజీలో రెండో సంవత్సరం దాకా చదివింది. మల్లినాథ అక్కడే పై క్లాసు. పెళ్ళయ్యాక చదివిస్తామన్నారు. మూడో సంవత్సరం కాలేజీ తెరిచేసరికి ఆమెకి వేవిళ్ళు. “ఇంట్లో బొమ్మలేసేవాడు ఒకడు చాలు. ఇద్దరూ గోడల వంక చూస్తూ కూర్చుంటే రొట్టెలెవరు తడతారు?” అంది గురుబాయి. మల్లినాథ నవ్వాడు. సుగలా కూడా నవ్వింది. అప్పుడు అది హాస్యంలాగే ఉంది.

ఆటోలో గిన్నె కాళ్ళ మధ్య, పిల్లాడు ఒళ్ళో, పక్కన ఇల్కల్ చీరలో అత్త. గోదాం గుమ్మంలోనే నస్రీన్ ఎదురొచ్చింది. కాలేజీలో ఇద్దరిదీ ఒకటే బెంచీ. నస్రీన్ చదువు పూర్తి చేసింది. ఈ ఏడుగురిలో ఆడది ఆమె ఒక్కతే. గిన్నె అందుకోబోయి సుగలా మొహంలోకి చూసి ఆగింది.

“నీకు చూపించాడా?”

“ఏంటి?”

“కనీసం అడిగాడా?”

“ఏంటే, తిన్నగా చెప్పు.”

“నేను చెప్పేదేముంది, లోపలికి రా. ఊరంతా చూడబోతోంది, నువ్వు చూడొద్దూ!”

ఎదురుగోడ నిండా ఆమే ఉంది. ఆరడుగుల బొమ్మ. కౌది బొంత మీద వెల్లకిలా పడి నిద్రపోతోంది. నోరు తెరుచుకుని ఉంది. రవిక హుక్కులు ఊడి ఒక రొమ్ము బయటికి ఉంది, దాని మీద పాల చార. పొట్ట ఇంకా తగ్గలేదు. పక్కన పిల్లాడు పువ్వులా నిద్రపోతున్నాడు. కింద చీటీ మీద ‘తాయి’, అంటే తల్లి, అని పేరు.

“రండి వదినా, రండి! ఇవాళ హీరోయిన్ మీరే!” మొగుడి స్నేహితుడొకడు నిచ్చెన మీదినుంచి అరిచాడు. ఇంకొకడు ఆమెనీ బొమ్మనీ మార్చి మార్చి చూసి చటుక్కున తల దించుకున్నాడు. ఒంటినిండా చీర ఉన్నా సుగలా కొంగు లాగి భుజాల చుట్టూ కప్పుకుంది. కప్పుకున్నాక తెలిసింది, కప్పవలసింది ఇక్కడ కాదు, అక్కడ అని.

మల్లినాథ చేతులు తుడుచుకుంటూ వచ్చాడు. “ఎలా ఉంది?”

“నన్ను అడగలేదు మీరు.”

“అడిగితే వద్దంటావని. కాలేజీలో నువ్వూ మోడల్ని గీసినదానివే కదా, బయటివాళ్ళలా మాట్లాడతావేంటి?”

“ఆ మోడల్ని అడిగి కూర్చోబెట్టేవాళ్ళం.”

“పెళ్ళాన్ని కూడా అర్జీ పెట్టుకుని అడగాలా?” అని చుట్టూ ఉన్నవాళ్ళకి వినపడేలా నవ్వాడు.

గురుబాయి కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నిలబడిపోయింది. “ఓరి నీ! ఇంటి కోడల్ని ఇలా గోడకెక్కిస్తావురా?”

“అమ్మా, అది సుగలా కాదే. తల్లి. లోకానికంతటికీ తల్లి.”

“లోకానికంతటికీ తల్లైతే ఆ లోకాన్నే వచ్చి హుక్కులు పెట్టమను,” అంది గురుబాయి. నిచ్చెన మీదివాడు కిసుక్కుమన్నాడు. ఆవిడ ఇంకాస్త దగ్గరికి వెళ్ళి, “కౌది మాత్రం అచ్చం దింపాడు. నేను కుట్టిందే,” అని గొణుక్కుంది.

సుగలా ఆ పెద్ద బొమ్మ ముందు నిలబడలేక పక్కకి జరిగింది. పక్కనే అద్దం బిగించిన చిన్న ఫ్రేమ్. పెద్ద బొమ్మకి ఆధారమైన పెన్సిల్ స్కెచ్. తనకి తెలియకుండానే ఆమె కళ్ళు దాన్ని చదవడం మొదలుపెట్టాయి. బాగుంది. కడుపు మండుతున్నా, బాగుందని ఒప్పుకోక తప్పలేదు. ఒక్క గీత కూడా చెరిపినట్టు లేదు. కానీ ఇందులో పిల్లాడు నిద్రపోవడం లేదు. కాళ్ళు తన్నుతున్నాడు. పిడికిళ్ళు బిగించాడు. నోరు గుహలా తెరుచుకుంది. కాగితం అంచున ఆ నోరే మళ్ళీ రెండుసార్లు, పిడికిలి ఒకసారి, అరికాలు ఒకసారి విడివిడిగా గీసి ఉన్నాయి. కదిలే పిల్లల్ని గీసేటప్పుడు ఎవరైనా అంతే చేస్తారు. ఒకచోట కుదరకపోతే పక్కన మళ్ళీ గీసుకుంటారు. కింద మూలన సంతకం, తేదీ.

సిందగిలో పెళ్ళి రోజు.

ఆమెకి మొదట అర్థం కాలేదు. గేటు తీస్తూనే ఏడుపు విని పరుగెత్తుకొచ్చి ఎత్తుకున్నానన్న మనిషి, ఇది ఎప్పుడు గీశాడు? కాలేజీలో రేవూరు సార్ గోడకి స్కెచ్‌లు పెట్టి, ఏది ఎంతసేపట్లో గీసిందో చెప్పమనేవాడు. అయిదు నిమిషాల గీత పరుగెడుతుంది, ఇరవై నిమిషాల గీత నడుస్తుంది, ఆపైన గీత చతికిలబడి కూర్చుంటుంది అనేవాడు. సుగలా లెక్క ఎప్పుడూ తప్పేది కాదు. ఈ గీత కూర్చుంది. కౌది మీద కుట్టు కుట్టూ వేసింది. ఆమె పాదం కింద నీడని అటొకసారి ఇటొకసారి అల్లింది. జుట్టు దగ్గర గీత మొద్దుబారింది, చెవి దగ్గర మళ్ళీ సన్నబడింది. మడమ దగ్గర మొద్దుబారింది, వేళ్ళ దగ్గర మళ్ళీ సన్నబడింది. అంటే పెన్సిల్ రెండుసార్లు చెక్కుకున్నాడు. కుర్చీలో కూర్చుని, పిల్లాడు నీలం తిరిగేలా ఏడుస్తుంటే, మొన సన్నగా వచ్చేదాకా పెన్సిల్ చెక్కుకున్నాడు.

సుగలా, పిల్లాడు జారిపోతాడేమోనని గట్టిగా పట్టుకుంది.

గుమ్మం దగ్గర సందడి. రేవూరు సార్ బెంగళూరు మేడమ్‌ని వెంటబెట్టుకుని లోపలికి వచ్చాడు. మేడమ్ తిన్నగా ‘తాయి’ ముందుకే వచ్చి ఆగింది. చాలాసేపు చూసింది. తర్వాత సుగలాని చూసి గుర్తుపట్టి, “మీరేనా! ఎంత అదృష్టం! మీకు నచ్చిందా?” అంది.

మల్లినాథ కళ్ళతోనే బతిమాలాడు, బాగుందని చెప్పమని. సుగలా స్కెచ్ వైపు చూపించింది.

“ఇది ఎంతసేపు పట్టింది మీకు?” అని మొగుణ్ణి అడిగింది.

అతని మొహం వెలిగిపోయింది. మేడమ్ ముందు ఇంతకన్నా మంచి ప్రశ్న ఎవరూ అడగలేరు. “నలభై నిమిషాలు! ఒకటే విడత. రబ్బరు ముట్టుకోలేదు. కావాలంటే సార్‌నే చెప్పమను.”

రేవూరు సార్ కళ్ళజోడు సర్దుకుని వంగి చూశాడు. “అవును, నలభైకి తక్కువ కాదు.”

“పిల్లాడు అంతసేపూ ఇలాగే ఏడుస్తున్నాడా?”

“అదే కదా అసలు కష్టం! ఒక్క క్షణం కుదురుగా ఉంటేనా! ఆ నోరు చూడు, మూడుసార్లు గీస్తే గానీ...”

అక్కడ ఆగిపోయాడు. అతని చూపు సుగలా మీదినుంచి జారి, వెనక నిలబడ్డ తల్లి మీద పడింది. గురుబాయి స్కెచ్‌ని చూడటం లేదు. కొడుకునే చూస్తోంది.

“ఆ రోజు... అంటే... ఆ క్షణం మళ్ళీ రాదు సుగలా,” గొంతు తగ్గించాడు. “చెయ్యి ఆడుతోంది. మధ్యలో లేస్తే పోతుంది. నీకు తెలుసు కదా, నువ్వూ గీసినదానివే.”

ఆమెకి తెలుసు. అదే ఆమెని కోసింది. స్నానం నీళ్ళలో సిద్ధు కాళ్ళాడించినప్పుడు గోడ మీద వెలుగు వణికిన రోజు, ఆమెకీ చెయ్యి ఆడింది. అత్త ఎండలో జొన్నలు చెరుగుతూ పొట్టు మధ్య మసకబారి కనిపించిన రోజు, ఆమెకీ చెయ్యి ఆడింది. ఆడిన ప్రతిసారీ ఆ చేతిలో పిల్లాడున్నాడు.

“మరి నాతో ఇప్పుడే గేటు తీశానన్నారు,” అంది. గొంతు పెరగలేదు. “తొమ్మిది నెలలు నన్ను మాటలు పడనిచ్చారు. అందరిచేతా.”

నిచ్చెన మీదివాడు దిగొచ్చాడు. సుగలా మేడమ్ వైపు తిరిగింది.

“పెద్ద బొమ్మకి నేను ఒప్పుకోను మేడమ్. అందులో పిల్లాడు నిద్రపోతున్నాడు, అది అబద్ధం. చిన్నది కావాలంటే తీసుకెళ్ళండి. అందులోనూ ఒళ్ళు నాదే, కానీ దానికి ఒప్పుకుంటాను. దాని కింద చీటీ మార్చండి. తాయి అని కాదు. నలభై నిమిషాలు అని రాయండి.”

సిద్ధుని తీసి మల్లినాథ చేతుల్లో పెట్టింది. అతను ఏం చెయ్యాలో తెలియనట్టు పిల్లాణ్ణి ఎడంగా పట్టుకుని నిలబడ్డాడు.

గోదాం వెనక గదిలో బొమ్మలు చుట్టి తెచ్చిన దుప్పట్లూ అట్టలూ కుప్పగా పడి ఉన్నాయి. నస్రీన్ వెంట వచ్చింది.

“మంచినీళ్ళు తేనా?”

“వద్దు. పడుకుంటాను.”

“ఇప్పుడా?”

“ఇప్పుడే. ఎవరొచ్చినా లేపనివ్వకు.”

నస్రీన్ తలుపు దగ్గరగా వేసి బయట స్టూలు వేసుకుని కూర్చుంది. దుప్పట్లకి వార్నిష్ వాసన. సుగలా కాళ్ళు ముడుచుకుంది. అవతల మల్లినాథ గొంతు వినపడుతోంది.

“అమ్మా, కాస్త వీణ్ణి పట్టుకోవే. మేడమ్‌తో మాట్లాడాలి, వెళ్ళిపోతుందేమో.”

గురుబాయి గాజుల చప్పుడు వినపడింది, ఆవిడ చేతులు ముందుకి చాపిందో వెనక్కి లాక్కుందో తెలియలేదు.

“నీకు రెండు చేతులున్నాయి కదరా మల్లూ,” అంది చివరికి. “ఆ రోజూ ఉన్నాయి.”

సిద్ధు ఏడుపందుకున్నాడు. పెద్దగా, గుక్కపట్టి. సుగలాకి ప్రతి గుక్కా వినపడింది. ఆమె గోడవైపు తిరిగి కళ్ళు మూసుకుంది.