కోళ్ల నీళ్లలో పొడి

మౌలాలీ కట్టుకట్టిన చేతిమీద చెప్పుకాలు వేసి తొక్కాడు ఫారం యజమాని త్రికోటేశ్వరరావు. అతను అరిచిన అరుపుకు షెడ్డులోని కోళ్లన్నీ రెక్కలు కొట్టుకుంటూ మూలలకు పరిగెత్తాయి.

“ల్యాబులో ఏం కూశావురా? నా ఫారం ఊసు నీకెందుకు?”

“కోళ్లకేం పెడతన్నారని ఆయమ్మ అడిగింది. చెప్పానయ్యా.”

గురజాల పొలిమేరలోని ఆ కోళ్లఫారంలోనే మౌలాలీ, అతని భార్య నాగూర్‌బీ కాపురముండి పనిచేస్తున్నారు. ఇనుపతీగ గీరుకున్న చెయ్యి వాచి చీము పట్టింది. ఊళ్లో ఆర్‌ఎంపీ ఎన్ని సూదులు పొడిచినా తగ్గలేదు. నరసరావుపేట ఆస్పత్రిలో రెండు వేళ్లు తీసెయ్యక తప్పదన్నారు. చీము తీసి ల్యాబుకు పంపారు.

ల్యాబులో పనిచేసే వాసంతి ఆ పొద్దున గుండ్రటి గాజుమూకుడు చూపించింది. చీములోని క్రిములను అందులో పెంచి, మందు పట్టించిన కాగితపు బిళ్లలు పెట్టింది. మందు పనిచేస్తే బిళ్ల చుట్టూ క్రిములు చచ్చి ఖాళీ జాగా కనపడాలి. ఒక్క బిళ్ల చుట్టూ తప్ప ఎక్కడా లేదు. మిగతా వాటి అంచులదాకా మీగడ కట్టినట్టు పెరిగిపోయాయి.

“ఈ ఒక్క మందే మిగిలిందమ్మా. ఇయ్యాలే ఆస్పత్రిలో చేరండి. ఇంతకీ మీరు చేసే పనేంది?”

రోగమున్నా లేకున్నా, కోళ్లు బరువెక్కాలని రోజూ నీళ్లలో కలిపే పొడి పేరు చెప్పాడు మౌలాలీ. అదీ ఈ మందుల జాతిదే, రోజూ తాగే కోళ్లలో క్రిములు దానికి లొంగకుండా తయారవుతాయంటూ, ఫారంలోని కోడిపెంటనూ పరీక్ష చెయ్యాలని వాసంతి యజమానికి ఫోన్ చేసింది. బట్టలు తీసుకుపోదామని వీళ్లు బస్సు దిగి వచ్చేసరికి అతను షెడ్డు ముందే కాచుకుని ఉన్నాడు.

“ఆ చెయ్యి వదులయ్యా, నీ కాళ్లు మొక్కుతా!” నాగూర్‌బీ అతని కాలు పట్టుకు లాగింది. కట్టు నెత్తుటితో తడిసిపోయింది. అతను ఆమె చెంప పగలగొట్టి, పొడి సంచిని ఆమె మీదికి విసిరాడు.

“పోయి కలుపు. రేపు ల్యాబోళ్లొస్తే ఉత్త నీళ్లేనని చెప్పాల.”

నాగూర్‌బీ నోట్లో ఊరిన నెత్తురు ఊసింది. ఇన్నాళ్లూ కలిపింది ఈ చేతులే.

“నేను కలపను.”

“ఏందే?”

“కలపనన్నా. వాళ్లొస్తే ఉన్నదే చెప్తా.”

జుట్టుపట్టి పొడి కలిపే నీళ్ల డ్రమ్ముకేసి కొట్టాడు. నుదురు చిట్లింది. అతను పార అందుకోబోతే, మౌలాలీ మంచి చేత్తో దాని కర్ర పట్టుకుని వేలాడాడు. నాగూర్‌బీ తడుముకుంటూ లేచి డ్రమ్ము మూతమీద ఎక్కి కూర్చుంది. నెత్తురు కళ్లలోకి కారుతున్నా తుడుచుకోలేదు. షెడ్డు లోపల దాహంతో కోళ్లు, డ్రమ్ములోంచి ఇంకా నీళ్లు వదలని ఎండు గొట్టాలను టకటకా పొడుస్తున్నాయి.