గుప్పెడంత పెట్టెలో డ్రాగన్

మొగుడు పోయి ఏడాది తిరక్కుండానే మరిది జుంగ్‌ఫా తనను దుకాణంలోంచి ఎలా సాగనంపాడో యూషియా ఒక్కపూట కూడా మరవలేదు. తైపే కంప్యూటర్ల బజారులో మెట్ల పక్కనున్న ఆ మూల దుకాణం ఆమె మొగుడితో కలిసి నిలబెట్టింది. "చెప్పకూడదు గానీ, మా వదిన బిగించిన కంప్యూటర్లు వేడెక్కి చస్తున్నాయి" అని వచ్చినవాళ్లందరి చెవిలో వేసి బేరాలు తన వైపు తిప్పుకుని, చివరికి దుకాణమే లాక్కున్నాడు. చెప్పకూడదంటూనే బజారంతా చెప్పాడు మహానుభావుడు. ఇప్పుడామె పై అంతస్తులో, మరుగుదొడ్ల పక్కన, తీగలూ మౌసులూ అమ్ముకుంటోంది.

ఈమధ్య జుంగ్‌ఫా గుప్పెడంత కంప్యూటర్ పెట్టెలు తెచ్చాడు. వాటికి ఫ్యాను లేదు, చప్పుడు లేదు, కరెంటు కూడా పిట్ట తాగినట్టు తాగుతాయి. ఎంత పెద్ద ఆటైనా ఆడేస్తాయని అతని గొప్ప. తెర మీద డ్రాగన్ నిప్పులు కక్కుతూ ఎగురుతుంటే జనం నోళ్లు తెరుచుకుని చూసేవారు. యూషియా మొదటి రోజే కనిపెట్టింది, అది ఆట కాదు, ఆటను ముందే తీసిపెట్టిన వీడియో. వీడియో చూపించడం అలాంటి పెట్టెకు మంచినీళ్లు తాగినంత సులువు. ఆటంటే వేరు, ప్రతి రెక్కనూ ప్రతి మంటనూ అప్పటికప్పుడు గీసుకోవాలి. ఆ చిన్నదానికి అంత సత్తువ లేదు. ఉన్న కాస్తా వాడితే ఒళ్లు కాలుతుంది, కాలితే తనంతట తనే నెమ్మదిస్తుంది.

ఆ సంగతి ఆమె ఎవరితోనూ అనలేదు. తన పరువు నలుగురిలో పోయింది, అతనిదీ నలుగురిలోనే పోవాలి.

తైచుంగ్ నగరంలో కంప్యూటర్ ఆటల సెంటరు నడిపే క్వో గారు ఆ పెట్టెలు చూడ్డానికి ఆదివారం వచ్చారు. బజారు కిటకిటలాడుతోంది. యూషియా కిందికి దిగింది.

"ఏం వదినా, దారి తప్పావా? తీగలు పైన కదా" అన్నాడు జుంగ్‌ఫా.

"నీ వైభవం చూసిపోదామని వచ్చా నాయనా" అని ఆమె క్వో గారి వైపు తిరిగింది. "చూడ్డమేమిటండీ, ఆడండి. మీ సెంటరుకొచ్చే పిల్లలు చూస్తూ కూర్చోరు కదా."

"నిజమే. ఆ మౌసు ఇలా ఇవ్వవయ్యా" అన్నారాయన.

జనం ముందు కాదనలేక జుంగ్‌ఫా అసలు ఆట పెట్టాడు. మొదట కాసేపు డ్రాగన్ బాగానే ఎగిరింది. తర్వాత నడుం పట్టేసినట్టు ఆగి ఆగి కదిలింది. క్వాయ్‌క్వాయ్ అంటే బుద్ధిగా ఉండమని అర్థం, అందుకే యంత్రం మాట వినాలని ఆ పేరున్న ఆకుపచ్చ చిరుతిండి పొట్లం దాని దగ్గర పెట్టడం ఆ బజారులో అందరికీ అలవాటే. కంగారులో జుంగ్‌ఫా ఒక పొట్లం తెచ్చి నేరుగా పెట్టె నెత్తిన పెట్టాడు. ఫ్యాను లేని ఆ పెట్టెకు వేడి పోవాల్సింది ఆ నెత్తి మీది రేకులోంచే.

యూషియాకు అది తెలుసు. పక్క దుకాణంలోంచి ఇంకో పొట్లం అందుకుని ఇచ్చింది.

"ఒక్కదానికి మాట వినేలా లేదు. ఇదీ పెట్టు."

అతను అదీ పెట్టాడు. డ్రాగన్ ఒక రెక్క పైకెత్తి అలాగే నిలబడిపోయింది. ఎవరో కిసుక్కున నవ్వారు.

"వదినా, కరెంటు సరిగా రావట్లేదని ఒక్క మాట చెప్పు. నువ్వు చెబితే నమ్ముతారు" అని గొణిగాడు జుంగ్‌ఫా.

"అలాంటివి నా నోటికి రావు నాయనా, నీ నోటికి వచ్చినంత సులువుగా."

క్వో గారు పెట్టె మీద చెయ్యి వేసి, చటుక్కున వెనక్కి తీసుకుని, వేళ్లు ఊదుకుంటూ లేచారు. జుంగ్‌ఫా ప్లగ్గు పీకబోయాడు. యూషియా అతని మణికట్టు పట్టుకుంది.

"అప్పుడే ఆపకు. వెనకవాళ్లు ఇంకా చూడలేదు" అని, జనం వైపు తిరిగి చేత్తో దారి చూపించింది. "రండమ్మా, ముందుకు రండి."