రెండు గవ్వల వంతు

కృష్ణ సముద్రంలో కలిసేచోట నదిపాయ మావాళ్ళను రెండు ఒడ్లుగా విడదీస్తుంది. అవతల ఒకటే పల్లె, మూడు వందల గడప. ఇవతల నాలుగు చిన్న పల్లెలు, అన్నీ కలిపినా రెండు వందల నలభై. ఉమ్మడి మత్స్యకార సంఘంలో ఓట్లు వాళ్ళవే ఎక్కువ కాబట్టి సర్కారు ఇచ్చే పడవలూ వలలూ ఏటా ఆ ఒడ్డునే దిగేవి.

తొంభై ఆరులో, విజయవాడ బెంజ్ సర్కిల్ దగ్గర ఓ ఆఫీసులో గుమాస్తాగా ఉన్న నాకు ఒక ఉపాయం తట్టింది. మా నాలుగు పల్లెలూ ఒకే ఊరు కావాలి. అప్పుడు గడపల లెక్క పోయి ఊరికి ఊరు సమానం, సంఘంలో ఒడ్డుకి ఐదుగురు సభ్యులు. ఆరు ఆదివారాలు బస్సెక్కి వచ్చి ఇంటింటికీ తిరిగాను. పల్లెల పాత పేర్లు కూడా కొట్టేయించాను. అందరూ నా మాట వింటుంటే ఒంట్లో ఏదో తీపి పాకేది. దాన్ని న్యాయం అనుకున్నాను.

అవతలి ఒడ్డు పెద్ద సంజీవరావు మారు మాట్లాడకుండా ఒప్పుకున్నాడు. గంగమ్మ జాతరనాడు రెండు ఒడ్ల పెద్దలూ వల ముట్టి మాటిచ్చారు. అలా ఇచ్చిన మాట మరుసటి జాతర దాకా ఎవరూ తప్పరు.

మూడో రోజు పొద్దున మొగ దగ్గర వంతులు వేసుకోవడం ఆచారం. నది సముద్రంలో పడే ఆ మొగ ఇరుకు. రోజుకు ఒక్క ఊరి వలలే పడాలి. ఊరికో గవ్వ ఇసుకలో పెట్టి వంతులు తేలుస్తారు.

సంజీవరావు గొంతుక్కూర్చుని రెండు గవ్వలు పెట్టి చేతులు దులుపుకున్నాడు.

"మిగతా మూడూ ఏవండీ?" అన్నాడు మా మేనమామ నాగులు.

"ఎవరివి నాగులూ? మా ఊరొకటి, మీ ఊరొకటి. ఓ రోజు మాది, ఓ రోజు మీది. సమానం కావాలన్నది మీ మణికుమారే గదా! ఏం అల్లుడూ?" అని నావైపు తిరిగాడు సంజీవరావు.

ఎవరో నవ్వారు. నా చెవుల్లో నీళ్ళు నిండినట్టయింది. నిన్నటిదాకా ఐదు రోజుల్లో నాలుగు మావి. ఇకమీద రెండింట ఒకటి. ఒక్కో పల్లె వల ఎనిమిది రోజులకోసారి గాని తడవదు. ఈ ఒడ్డున పుట్టినవాణ్ణి, గవ్వల సంగతి ఎలా మరిచాను?

"నీకు తోచలేదా మావయ్యా?"

"చదువుకున్నోడివి, చూసుకునే ఉంటావనుకున్నాం."

"మళ్ళీ విడిపోతే?"

"వల ముట్టాం గదరా."

మా పక్క పల్లె నుంచి వచ్చిన, చేపలమ్మే ఆదెమ్మ ముందుకొచ్చింది. "అయిందేదో అయింది. రేపు మన రోజు. మన నాలుగు పల్లెల్లో ముందెవరు వల వెయ్యాలో నువ్వే చెప్పు బాబూ. నువ్వు అందరివాడివి."

ఆలోచించి చెప్పాలనుకున్నాను. నాలుగు గవ్వలు ఏరుకొచ్చి వంతులు తేల్చాలనుకున్నాను. అంతలోనే నోరు తెరుచుకుంది.

"తిప్పపాలెం," అన్నాను.

అది మా పల్లె. నేనే కొట్టేయించిన పేరు.

ఆ గొంతు నాదేనని తెలియడానికి కాసేపు పట్టింది. వెనక్కి తీసుకుందామని చూశాను. అప్పటికే అందరూ వినేశారు. నా లోపల ఇన్నాళ్ళూ ఉన్నది ఈ తిప్పపాలెం వాడేనా?

"అట్టాగా," అంది ఆదెమ్మ. ఖాళీ తట్ట చంకనెత్తుకుని నడిచింది. మిగతా మూడు పల్లెలవాళ్ళూ ఆమె వెనకే లేచారు.

మావయ్య ముఖం విప్పారింది. నా భుజం తట్టి, "పదరా, వల బాగుచేసుకుందాం" అన్నాడు.