తామరరేకు అంచున ఆగిన గీతలు

పటాన్‌చెరు పారిశ్రామికవాడలో, పెళ్లిళ్లకూ గృహప్రవేశాలకూ వెండి నాణేలు అచ్చువేసే చిన్న ఫ్యాక్టరీ ఒకటుంది. పద్నాలుగేళ్లుగా అక్కడ నాణేలు తుడుస్తున్న మొగులమ్మకు ఆ మధ్యాహ్నం పని పోయింది. అద్దంలా ఉండాల్సిన లక్ష్మీదేవి నాణేల మీద సన్నటి గీతలు తేలాయి. ఒకటీ రెండూ కాదు, ట్రే నిండా అవే.

"గరుకు బట్టతోని రుద్దినవ్. రేపటి సంది రాకు," అన్నాడు సూపర్‌వైజర్ చంద్రకాంత్.

"ఎప్పటి మెత్తటి మల్లుగుడ్డనే సార్. ఎన్నడన్న గిట్లయిందా?" అంది మొగులమ్మ. ఆయన ఆగకుండా తన గదికి వెళ్లిపోయాడు.

నాణేలు అచ్చొత్తే ప్రెస్సు దగ్గర పనిచేసే ప్రేమలత ఆ మాటలు వింది. మూడేళ్ల కిందట కొత్తగా పనిలో చేరినప్పుడు, తనకు గుడ్డ పట్టుకోవడం నేర్పింది మొగులమ్మే. ఆమె ఏడవకుండా చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చోవడం చూడలేక, ఒక నాణెం తీసుకుని కిటికీ దగ్గరికెళ్లి భూతద్దం కంటికి ఆనించింది.

లోపల మరో లోకం. వెండి నేల తెల్లగా, పొలిమేర లేకుండా పరుచుకుని ఉంది. దాని మీద గీతలు దున్నిన చాళ్లలా సాగిపోతున్నాయి. సొంతూరు వెలిమెలలో అమ్మ కూలికెళ్లిన జొన్నచేను గుర్తొచ్చింది. ఇప్పుడక్కడ అపార్ట్‌మెంట్లు. వెనక ప్రెస్సు మోత మెల్లగా దూరమై వాన చప్పుడైంది. వట్టి కాళ్లతో తనే అందులో నడుస్తున్నట్టు ఒక చాలు వెంట పోయింది. అది లక్ష్మి కూర్చున్న తామరరేకు అంచు దాకా వచ్చి ఆగింది. రేకు మీద గీత లేదు. రేకు దాటాక అదే చాలు మళ్లీ మొదలైంది.

ఎంతసేపలా నిలబడిందో. గుడ్డ గీతే అయితే ముందు ఎత్తుగా ఉన్న రేకు మీద కదా పడాలి? నాణేన్ని వెలుతురులో వంచింది. రేకు ఏ వైపు మెరిసిందో గీతలూ ఆ వైపే మెరిశాయి. ఇవి లోతుకు దిగినవి కావు, పైకి లేచినవి. ఇంకో నాణెం చూసింది, మరొకటి చూసింది. అవే గీతలు, అదే చోట.

నాణెం కొట్టే ఉక్కు అచ్చు మీద, అంటే డై మీద, గీత పడితే నాణెం మీద గట్టులా లేస్తుంది. అచ్చులో రేకు గుంటగా ఉంటుంది, అచ్చును రుద్దే గరుకు కాగితం అందులోకి దిగదు.

చేతిలోని నాణెం దించింది. నిన్న ఆ అచ్చుకు మెరుగు పెట్టింది తనే. ఆ పని చేతికొచ్చి నెల కూడా కాలేదు. సన్న ఎమరీ పేపరు అయిపోతే ముతకదానితో నాలుగు రుద్దులు రుద్ది, పేస్టుతో మెరిపించేసింది.

ఎవరూ చూడలేదు. ఆ సంగతి ఒక్క క్షణం తియ్యగానే తోచింది. తర్వాత రెండు నాణేలూ భూతద్దమూ తీసుకుని చంద్రకాంత్ గదికి వెళ్లింది.

"జెర సూడుండ్రి సార్. మొగులమ్మ పెద్దమ్మ తప్పు లేదు. ఇవి డై గీతలు. డై రుద్దింది నేను."

ఆయన భూతద్దం పెట్టి రెండు నాణేలూ తిప్పి చూశాడు. "నీకెవరు చెప్పిండ్రు?"

"ఎవ్వరు చెప్పలే. కనపడ్డయి."

"డై విప్పమని చెప్త. నెల దాక నువ్వు దాన్ని ముట్టకు, తుడిచే బల్ల కాడ కూసో. మొగులమ్మను రేపు రమ్మను."

"ఆ మాట మీరే చెప్పాలె సార్."

ఆయన ముఖం ఎర్రబడింది. అయినా లేచి వచ్చి చెప్పాడు.

మొగులమ్మ బల్ల మీద జరిగి చోటిచ్చింది. ప్రేమలత ముతక కాగితం సంగతి కూడా చెప్పింది. "ముతక పేపర్ ఎందుకు ముట్టినవే? నన్నడిగితే స్టోర్లకెల్లి తెచ్చిస్తుంటి గద!" అని మొదలుపెట్టి, షిఫ్టు దిగేదాకా తిడుతూనే ఉంది. ప్రేమలత తలొంచుకుని నాణేలు తుడిచింది.