సన్న చప్పుడు వినే మిషన్

నా కొట్టుకి వచ్చిన ప్రతివాణ్ణీ నేను ముందు అడిగేది ఒక్కటే: ఏం వెతకబోతున్నావు? ఆ జవాబు వచ్చేదాకా ధర చెప్పను, మిషన్ ముట్టుకోనివ్వను. ఉత్తరం సైన్యం, దక్షిణం సైన్యం కొట్టుకున్న యుద్ధం వదిలేసి పోయిన ఇనుము ఏరుకుని బతికే ఊళ్ళు మావి. దోంగ్‌హా బజారులో మెటల్ డిటెక్టర్లు అమ్మే కొట్లు ఇంకా ఉన్నాయి, అక్కడ ఎవడికి ఏది అంటగడితే అదే. నేనలా అమ్మను. మట్టిలో పేలని బాంబులు ఇంకా ఉన్నాయి, తప్పు మిషన్ చేతికిస్తే ఒక్కోసారి కాళ్ళూ చేతులూ పోతాయి. నా పేరు లాయ్. లాయ్ నోరు మంచిది కాదని బజారంతా అంటుంది. అననీ. నా దగ్గర కొన్నవాళ్ళు నన్ను తిట్టుకుంటూ మళ్ళీ నా దగ్గరికే వస్తారు. బతికుంటేనే కదా వచ్చేది!

లావోస్ కొండల మీంచి వేడిగాలి కొట్టే రోజుల్లో ఒక ఉత్తరాది మనిషి వచ్చింది. యాభై దాటి ఉంటాయి. ఎముకల గూడులా ఉంది, భుజాన గుడ్డసంచి. నాకో మాటైనా చెప్పకుండా గోడకి వేలాడుతున్న అన్నిటికన్నా పెద్ద చట్రమున్న మిషన్ వైపు చెయ్యి చూపించింది.

"అది ఇవ్వు చెల్లీ."

"ఏం వెతకాలి?"

"బాగా లోతుకి వినబడేది కావాలి."

"నేనడిగిందేంటి, నువ్వు చెప్పేదేంటి? వల కొనేవాళ్ళు ఏ చేపకో చెప్పొద్దూ?"

మూల కూర్చుని తీగలు అతుకుతున్న మా మరిది బాంగ్ పళ్ళికిలించాడు. "అక్కకి బాంబు కావాలేమో వదినా. కట్టి ఇచ్చెయ్, ఇంటికి పట్టుకెళ్తుంది."

"మా తమ్ముడు కావాలి" అందామె.

బాంగ్ తల దించేసుకున్నాడు. నేను లేచి ఆమెకి ముక్కాలిపీట వేశాను, పచ్చాకు టీ పోశాను. పేరు మియెన్ అని చెప్పింది. ఉత్తరాన థాయ్‌బిన్‌లో వరి పండించుకునే మనిషి. తమ్ముడు లువాన్‌కి పందొమ్మిదేళ్ళు నిండకుండానే ఉత్తరాది సైన్యం ఇటు పంపింది. ఇక్కడి పాత ఇటుకల బట్టీ వెనక వాలులో, ఒక్క మనిషి పట్టే గుంటలోకి వాడు దూకడం తోటివాడొకడు చూశాడు. ఆ తర్వాత బాంబులు పడ్డాయి. పొగ తగ్గాక చూస్తే గుంటా లేదు, వాడూ లేడు.

"ఇన్నేళ్ళూ ఏం చేశావక్కా?" అన్నాడు బాంగ్. "ఇప్పుడు గుర్తొచ్చాడా?"

"నోర్మూసుకోరా" అన్నాను.

"అడగనీ" అంది మియెన్. "ఆ చూసినాయన మొన్న చనిపోయే ముందు చెప్పాడు. అంతవరకూ ఏ కొండో, ఏ ఏరో మాకేం తెలుసు? అమ్మ వాడి కోసం చూసి చూసి పోయింది. నాకు కడుపులో పుండట, కోసినా లాభం లేదన్నారు. పెళ్ళి చేసుకోలేదు, పిల్లల్లేరు. నేను కూడా పోతే ఇక వాణ్ణి వెతికేవాళ్ళెవరు? అమ్మ పక్కన వాడి కోసం చోటు వదిలిపెట్టాం. అది ఖాళీగా ఉండగా నేను పోకూడదు."

మనసు కరిగినప్పుడే నా నోరు ఇంకా ఎక్కువ లేస్తుంది. "అయితే ఆ పెద్ద చట్రం నీకు ఎందుకూ పనికిరాదు! అది నిలువు లోతు నుంచి బాంబుల్ని పిలుస్తుంది. నీ తమ్ముడున్నది నడుము లోతులో. రెండోది చూడు, సైన్యం వాళ్ళది. దానికి చిన్నాపెద్దా లేదు, ప్రతి పెంకుకీ అరుస్తుంది. ఆ వాలు మీద దాంతో నడిస్తే సాయంత్రానికి పిచ్చెక్కుతుంది. ఇనుము కానిదేమైనా వాడి ఒంటి మీద ఉందా? అది చెప్పు."

ఆమె వేళ్ళ మీద లెక్కపెట్టింది. చెంచా ఇనుమే. గిన్నె ఇనుమే. బెల్టు గురించి తెలీదు. తర్వాత చేత్తో తన మెడ వెనక తడుముకుంది.

"వెండి బిళ్ళ" అంది. "ఫ్రెంచివాళ్ళనాటిది. జ్వరం వస్తే ఉడికించిన గుడ్డుతో కలిపి మూటకట్టి, దాంతో అమ్మ మా వీపులు రుద్దేది, ఆ బిళ్ళ. అడవిలో వాడికి వీపు రుద్దేవాళ్ళెవరని చొక్కా కాలరు లోపల పెట్టి కుట్టేసింది."

నేను లోపలికెళ్ళి మూడో మిషన్ తెచ్చాను. చిన్న పళ్ళెమంత చక్రం, పిడి దగ్గర ఒక మీట. చూడ్డానికి పిల్లల ఆటబొమ్మలా ఉంటుంది కాబట్టి పాత ఇనుమువాళ్ళెవరూ దాన్ని కొనరు. "ఇది ఇనుముకి ముసలాడిలా గురగురమంటుంది. వెండికి మాత్రం ఈల వేస్తుంది. గురగురమన్న ప్రతిదాన్నీ వదిలెయ్యి. ఈల కోసం చూడు. అడుగు తీసి అడుగు వెయ్యాలి. ఓపిక ఉందా?"

"నాకింకేం మిగిలింది చెల్లీ!" అంది.

ఒంటరిగా పంపడానికి మనసొప్పలేదు. మర్నాడు పొద్దున్నే బాంగ్‌నీ వెంటబెట్టుకుని ముగ్గురం బట్టీ వెనక్కి వెళ్ళాం. దారంతా బాంగ్ గొణుగుతూనే ఉన్నాడు. ఆ వాలంతా వాడే ఎన్నోసార్లు దువ్వేశాడట, అమ్ముడయ్యే ఇనుమేదీ మిగల్లేదట, మనిషుంటే తనకి దొరక్కపోయేవాడా అట.

"నీ మిషన్‌కి బాంబులు తప్ప మనుషులెప్పుడు వినబడ్డార్రా?" అన్నాను.

"ఇక్కడ మనుషులు మిషన్ లేకుండానే వినబడతారు వదినా" అన్నాడు వాడు, ఈసారి నవ్వకుండా. "గేదెలు కాసేవాళ్ళనడుగు. మిట్టమధ్యాహ్నం ఈ వాలు మీద ఎవరో మెల్లిగా మాట్లాడుకుంటారట. అందుకే ఎవరూ ఇటు తోలరు."

మియెన్ టక్కున ఆగింది. "ఏ యాసలో?"

"ఏమో అక్కా, మాటలు తెలీవంటారు."

"వాడే అయ్యుంటాడు. మా వాడు నిద్రలో కూడా వాగుతూనే ఉండేవాడు." ఆ మాట అంటుంటే ఆమె మొహం చిన్నపిల్ల మొహంలా వెలిగింది. నేను మాత్రం అగరొత్తుల కోసం సంచి తడిమాను.

అగరొత్తులు వెలిగించి, అక్కడి చచ్చినవాళ్ళందరికీ చెప్పుకుని మొదలుపెట్టాం. చెవులకి గొట్టాలు తగిలించుకుని మియెన్ నడిచింది. పక్కన నడిచే నాకు కూడా ఆ గురగుర వినబడుతూనే ఉంది. ఇనుము, ఇనుము, మళ్ళీ ఇనుము. గాలి ఆగిపోయింది. యూకలిప్టస్ ఆకు కదలడం లేదు. ఎండ నడినెత్తికొచ్చింది. నా వెనక ఎవరో నిలబడి నా భుజం మీంచి చూస్తున్నారనిపించి తిరిగి చూశాను. బాంగ్ దూరంగా చెట్టు కింద చిలగడదుంప వలుస్తున్నాడు. నా వెనక ఎవరూ లేరు. మళ్ళీ తిరగడానికి ధైర్యం చాల్లేదు, అబద్ధమెందుకు!

అప్పుడు ఈల వినబడింది. సన్నగా, శుభ్రంగా, ఎవరో పిల్లాడు దూరం నుంచి పిలిచినట్టు. మియెన్ ముందుకి జరిపితే పోయింది. వెనక్కి తెస్తే వచ్చింది. ఆమె మిషన్ పక్కన పడేసి మోకాళ్ళ మీద కూలబడి వేళ్ళతో మట్టి గీరడం మొదలెట్టింది. బాంగ్ పరుగెత్తుకొచ్చి ఆమె చేతులు పట్టుకుని ఆపాడు. "ఆగక్కా, నేను తీస్తా. కింద ఏముందో తెలీదు." తన చేతిలోని దుంప ఆమె చేతిలో పెట్టి తాపీతో పొరపొరగా తియ్యసాగాడు.

ముందు టైరుతో కోసిన చెప్పు అట్ట వచ్చింది. ఉత్తరాదివాళ్ళవి అలాంటివే. తర్వాత నల్లబడిన వెండి బిళ్ళ. అంచున చిల్లు. "కుట్టడానికి అమ్మ మేకు పెట్టి కొట్టింది" అంది మియెన్, దాన్ని చెంపకేసి నొక్కుకుంటూ. తర్వాత ఎముకలు. మోకాళ్ళు గుండెలకి ముడుచుకుని కూర్చున్నాడు లువాన్, చలికి ముడుచుకున్నట్టు. ఆమె ఏడవలేదు. "వచ్చాన్రా, ఆలస్యమైంది, వచ్చాను" అని అంటూనే ఉంది.

బాంగ్ తాపీ ఆగిపోయింది.

లువాన్ భుజానికి ఆనుకుని ఇంకో తల ఉంది. చెట్ల వేళ్ళు రెండు ఎముకల గూళ్ళలోంచీ పాకి రెండింటినీ కలిపి కుట్టేసినట్టున్నాయి. ఎవరి చేతులు ఎవరివో తెలియకుండా ఒకళ్ళలో ఒకళ్ళు ఇరుక్కుని ఉన్నారు. ఆ రెండోవాడి కాళ్ళ దగ్గర మందపాటి రబ్బరు అట్ట, గాట్లు గాట్లుగా ఉంది. చెప్పుది కాదు, బూటుది.

"ఇది మావాళ్ళది" అన్నాడు బాంగ్.

"మీవాళ్ళంటే?" అంది మియెన్.

"దక్షిణం సైన్యం అక్కా. నాకు పద్దెనిమిదేళ్ళప్పుడు పట్టుకుపోయి ఇలాంటి బూట్లే తొడిగించారు."

ఆమె చేతిలో వాడిచ్చిన దుంప ఇంకా అలాగే ఉంది. వాడికేసి చూసింది, గుంటకేసి చూసింది. నాకు భయం వేసింది. అందుకే అరిచాను: "సరే అయితే! నీ తమ్ముణ్ణి నువ్వు తీసుకో. అవతలివాణ్ణి మళ్ళీ కప్పెట్టి రెండు అగరొత్తులు గుచ్చుదాం. వాడే నీ తమ్ముణ్ణి చంపాడో ఏమో, ఎవరికి తెలుసు?"

"చంపాడంటావా?" అని బాంగ్‌నే అడిగింది, నన్ను కాదు.

వాడు బూటు అట్ట మీది మట్టి దులిపాడు. "చంపుకునేవాళ్ళు ఒకే గుంటలో దూరరు అక్కా. పైనుంచి బాంబులు పడుతుంటే గుంట ఎవరిదని ఎవడడుగుతాడు?"

మా దగ్గర ఎముక కదిపే ముందు చనిపోయినవాణ్ణి అడగాలి. నేను రెండు ఇత్తడి కాసులు తీశాను, ఒక్కో వైపు సున్నం రాసినవి. పళ్ళెంలో వేస్తే ఒకటి తెల్లగా, ఒకటి నల్లగా పడాలి. అప్పుడే ఒప్పుకున్నట్టు. "లువాన్, నిన్ను విడదీసి ఇంటికి తీసుకుపోతాం, సరేనా?" అని వేశాను. రెండూ నల్లగా పడ్డాయి. మళ్ళీ వేశాను, రెండూ తెల్లగా. ఎన్నిసార్లు వేసినా అంతే. ఆఖరికి ఒక కాసు పళ్ళెం దాటి మట్టిలో పడింది.

"ఇటియ్యి" అంది మియెన్. కాసులు తీసుకుని రెండు తలల మధ్యకి వంగింది. "బాబూ, నువ్వెవరి బిడ్డవో నాకు తెలీదు. మీ అమ్మ కూడా ఎక్కడో వెతుకుతూనే ఉండుంటుంది. ఎక్కడుందో తెలిస్తే నేనే తీసుకెళ్ళి అప్పజెప్పేదాన్ని. మా ఇంటికి వస్తావా?"

కాసులు పళ్ళెంలో వేసింది. ఒకటి తెల్లగా పడింది, ఒకటి నల్లగా.

నేను గట్టిగా ఏడ్చేశాను. బాంగ్ సారాతో ఎముకలు కడిగి ఇస్తుంటే, ఆమె తమ్ముడి కోసం తెచ్చుకున్న ఒక్క ఎర్రగుడ్డలోనే ఇద్దర్నీ చుట్టింది.

శవాలంటే బస్సువాళ్ళు ఎక్కించుకోరు. అందుకని మూట సంచిలో పెట్టి పైన మిరియాలు పోశాం. ఆమెని ఒంటరిగా వదల్లేక నేనూ బస్సెక్కాను, హియెన్‌లువోంగ్ వంతెన దాటాక దిగిపోదామని. ఒకప్పుడు ఉత్తరానికీ దక్షిణానికీ ఆ వంతెనే సరిహద్దు. చచ్చినవాళ్ళతో ప్రయాణం చేసేవాళ్ళు ప్రతి వంతెన దగ్గరా వాళ్ళకి చెప్పాలి, లేకపోతే నీళ్ళకి ఇవతలే ఉండిపోతారు. మియెన్ సంచి ఒళ్ళో పెట్టుకుని, పక్కవాళ్ళకి వినబడకుండా దాని మీదికి వంగింది.

"లువాన్, లేరా, వంతెన వచ్చింది. మెల్లిగా నడువు." రెండోవాణ్ణి ఏ పేరుతో పిలవాలో ఆమెకి తెలీదు. బస్సు చక్రాలు వంతెన పలకల మీదికి ఎక్కాయి. ఆమె సంచిని ఇంకాస్త దగ్గరకి లాక్కుంది.

"నీ పక్కనున్నవాడి చెయ్యి వదలకు నాన్నా. వాడికి మన ఊరి దారి తెలీదు."