పటంలో మేం మేకలమే

మా ఊళ్ళో మనుషులు ఉండే ఇల్లు జిల్లా వాళ్ళ మ్యాపు ప్రకారం ఒక్కటే. అది ముసలి అర్గిరిస్ మేకల కొట్టం. మిగతావన్నీ మేకల కొట్టాలు. వాటిలో మేం కాపురాలు చేస్తున్నాం.

మా ఊరు కాటో పెత్రూసాలో ఇల్లని చెప్పి ఇల్లు కట్టినవాళ్ళు లేరు. అడవి అంచు కాబట్టి ఇంటికి అనుమతి రాదు, మేకల కొట్టానికి వస్తుంది. అందుకని అందరం కొట్టం పేరు మీదే గోడలు లేపి, తర్వాత నెమ్మదిగా కిటికీలు పెట్టుకుంటాం. మా ఆయన థ్రాసోస్ మా కొట్టానికి వరండా కూడా దింపాడు. ఎప్పుడో ఒకప్పుడు ఎవరో వచ్చి మేకలేవీ అని అడుగుతారని నేను అప్పుడే భయపడ్డాను.

"అడిగితే నిన్ను చూపిస్తాలే," అన్నాడు థ్రాసోస్.

అడిగే రోజు వచ్చింది. అడవి అంటుకున్నప్పుడు ఎవరిని ఎక్కణ్ణించి తరలించాలో తెలియడానికి కొత్త మ్యాపు వేస్తున్నారనీ, డ్రోను వచ్చి ప్రతి కొట్టాన్నీ ఫోటో తీస్తుందనీ ఊరి పెద్ద కాఫీ కొట్లో చెప్పాడు. తెల్లారేసరికి ఊరంతా అర్గిరిస్ దగ్గర మేకల్ని అరువు తెచ్చుకుంది. మేకలు చాలలేదు. డ్రోను దాటిపోయిన ఇంటి మేకల్ని వెనక సందులోంచి, అది ఇంకా రాని ఇంటికి పరుగెత్తించారు. మా వంతు మేక మా వాకిట్లో ఆరేసిన దుప్పటి నమిలింది. అక్కడ కొండ మీద, మేకలన్నీ పోయి అర్గిరిస్‌కి ఏమీ తోచలేదు. కొట్టం కడిగి, గుమ్మంలో కుర్చీ వేసుకుని, పక్కన పూలకుండీ పెట్టుకుని, రేడియో వింటూ కూర్చున్నాడు. డ్రోను చూసింది. మ్యాపులో అతనిది ఇల్లయింది.

మేకల్ని అతనికి తిరిగిచ్చి ఊరంతా నవ్వింది. నేను నవ్వలేదు. మా అమ్మాయి ఎవాన్థియాకి ఉబ్బసం. గాలిలో కాస్త దుమ్ము లేచినా దాని గుండెలో పిల్లికూతలు మొదలవుతాయి. దాన్ని స్కూలు బస్సెక్కించిన రోజున కూడా బస్సు లోయలో పడినట్టే ఊహించుకునే మనిషిని నేను.

ఆగస్టులో నిజంగానే కొండ వెనక పొగ లేచింది. మధ్యాహ్నానికి ఆకాశం ఇటుక రంగుకి తిరిగింది. అందరి ఫోన్లూ ఒక్కసారే అరిచాయి. గ్రామ నివాసులు బయల్దేరాలట, బస్సు నివాసం ముందుకే వస్తుందట. కొట్టాల యజమానులు మాత్రం తలుపులు తీసి పశువుల్ని వదిలెయ్యాలట. మంటలార్పే ట్రక్కులకి అడ్డమని కింది రోడ్డు మీద సొంత బళ్ళు ఆపేశారు. బస్సు తప్ప వేరే దారి లేదు.

ఎవాన్థియా వరండాలో మంచం మీద కూర్చుని భుజాలెగరేస్తూ గాలి లాక్కుంటోంది. మందు రెండుసార్లు పీల్పించాను. పెదవులు చూశాను, నీలంగా ఉన్నట్టే అనిపించాయి. నాకెప్పుడూ అలాగే అనిపిస్తాయి, కాని ఈసారి థ్రాసోస్‌కి కూడా అనిపించాయి. అత్యవసర నంబరుకి ఫోన్ చేసి స్పీకరు పెట్టాను. ఒక అమ్మాయి ఎత్తింది.

"ఎక్కడున్నారమ్మా?"

"ఇంట్లోనే తల్లీ. బస్సు మా దగ్గరికి పంపించు."

"మీ ఫోను మేకల కొట్టంలో ఉన్నట్టు చూపిస్తోంది."

థ్రాసోస్ పక్కనుంచి గుసగుసలాడాడు. "పాలు పితకడానికి వచ్చామని చెప్పు. కొట్టం పడగొట్టేస్తారే."

"పాలు పితకడానికి వచ్చాం," అన్నాను.

"ఎంతమంది?"

"ముగ్గురం. మా పాపకి ఉబ్బసం, ఊపిరాడటం లేదు."

"ఉబ్బసం ఉన్న పిల్లని మేకల కొట్టంలోకి ఎందుకు తీసుకొచ్చారమ్మా?"

ఆ మాటకి నాకు నిజంగానే సిగ్గేసింది. అవును, ఎందుకు తీసుకొచ్చాం అనుకున్నాను.

"పాలు అక్కడే వదిలేసి దగ్గర్లో ఉన్న ఇంటికి వెళ్ళండి. అర్గిరిస్ గారి నివాసం. బస్సు అక్కడికే వస్తోంది."

అర్గిరిస్ కొట్టం ఉన్నది పైన, పొగ వస్తున్న వైపు. గుక్క తిప్పుకోలేని పిల్లని ఎత్తుకుని మంట కేసి నడవమంటోంది. నేను థ్రాసోస్ వైపు చూడకుండా అటు తిరిగాను.

"ఇది కొట్టం కాదు తల్లీ. ఇల్లు. వంటిల్లుంది, స్నానాల గది ఉంది, వరండా ఉంది. మేం ఇక్కడే ఉంటాం. ఎవాన్థియా ఇక్కడే పుట్టింది."

థ్రాసోస్ మెట్టు మీద కూలబడ్డాడు. "వరండా ఎందుకే చెప్పావు," అన్నాడు నీరసంగా.

అవతల కాసేపు టకటక చప్పుడు వినబడింది. "ఇల్లుగా మారుస్తానమ్మా. కాని లోపల మేకలున్నాయి. వాటిని ఏ కొట్టంలోకి మార్చాలో చెప్పమంటోంది కంప్యూటరు."

"మేకల్లేవమ్మా."

"ఫోటోలో ఉంది. దుప్పటి తింటోంది."

"అయితే దాన్ని పక్క కొట్టానికి రాసెయ్యి. పాగోనాది."

పాగోనా గోడ అవతలే నిలబడి అంతా వింటోంది. "ఆహా, ఏం మర్యాదమ్మా," అంది. "నీ మేకని నా నెత్తిన రుద్దుతావా? రేపు నన్ను అక్కడే తగలబెడతారు." గోడ మీంచి వంగి ఫోన్ లాక్కుంది. "ఇదిగో పిల్లా, నాది కూడా ఇల్లే. మేడ మీద మా అబ్బాయిది ఇంకోటి. మీ డ్రోనుకి కనబడకుండా ద్రాక్ష తీగ పాకించాం. మేకల్ని ఎదురింటికి రాసుకో."

ఎదురింటివాళ్ళు అప్పటికే మా వాకిట్లోకి వచ్చేశారు. ఆ తర్వాత వరసకట్టారు. ఒక్కొక్కరూ ఫోన్ అందుకుని, అడగనివి కూడా చెబుతున్నారు. ఒకావిడ ఈత కొలను సంగతి చెప్పింది. అది పశువుల నీటి తొట్టిగా ఉందట. ప్రతివాళ్ళ మేకలూ పక్కవాళ్ళకి చేరుతున్నాయి. నేను మాత్రం ఎవాన్థియా వీపు రాస్తూ, ఛార్జింగు అయిపోతుందేమోనని ఫోనునే చూస్తున్నాను.

చివరికి ఊరి పెద్ద వచ్చి ఫోన్ అందుకున్నాడు. "నేను ఊరి పెద్దని. నాది రాసుకోకండి."

"బస్సు అక్కర్లేదా అండీ?"

ఆయన కొండ వైపు చూశాడు. "రాసుకోండి."

"ఇప్పుడు ఊరి మేకలన్నీ మీ దగ్గరున్నాయండీ. ఎక్కడికి మార్చమంటారు? ఇక కొట్టం ఒక్కటీ మిగల్లేదు."

నా బిడ్డ గొంతులో ఈల ఒక్కటే వినబడుతోంది.

"అర్గిరిస్‌ది," అన్నాను. "అది కొట్టం."

"అది నివాసమమ్మా."

"అది కొట్టం తల్లీ. ఎప్పుడూ కొట్టమే."

ఆ అమ్మాయి గొంతు సన్నబడింది. "మరి మా బస్సు ఇప్పుడు అక్కడే ఆగి ఉందే."

పావుగంటకి బస్సు మా వాకిట్లోకి దిగింది. ముందు సీట్లో ముసలి అర్గిరిస్ కూర్చుని ఉన్నాడు, వెనకంతా మేకలు. నివాసంలో ఉన్నవాళ్ళందర్నీ ఎక్కించమన్నారు, ఎక్కించానన్నాడు డ్రైవరు.

"ఆ బొచ్చులో నా పిల్ల ఊపిరి ఆగిపోతుంది. వాటిని దించు బాబూ."

"నివాసం నుంచి ఎక్కినవాళ్ళని దారిలో దించకూడదమ్మా. రూలు."

"అవి మేకలు."

"నాకు కళ్ళు లేవా? కాని ఇక్కడ అలా లేదు," అని ముందున్న తెర చూపించాడు. అంతలో ఆ తెర ఒకసారి మెరిసింది. అతను దాని మీదికి వంగి, అర్గిరిస్‌ది కొట్టమని చదువుకుని, వెనక్కి తిరిగి చాలాసేపు చూశాడు. "అయ్యో, మేకలే," అన్నాడు. లేచి తలుపులు తీశాడు. మేకలు దూకి, కింది రోడ్డు పట్టుకుని సముద్రం వైపు పరుగెత్తాయి.

"వాటికి దారి తెలుసులే," అన్నాడు ముసలి అర్గిరిస్. "నీ పిల్లని కిటికీ దగ్గర కూర్చోబెట్టు. ఆ అద్దం తెరుచుకోదు, పొగ రాదు."

నేను సీటంతా తడి గుడ్డతో తుడిచాను. ఊరి పెద్ద కూడా తుడిచాడు. బస్సు కదిలాక ప్రతి మలుపులోనూ లోయ చూసి కళ్ళు మూసుకున్నాను.

రేవు దగ్గర బాస్కెట్‌బాల్ హాల్లో డాక్టరమ్మ ఎవాన్థియాకి ఆవిరి మందు పెట్టింది. సాయంత్రానికి పిల్లికూతలు తగ్గాయి. ఒక పీచు పండు తిని, నా ఒళ్ళో నిద్రపోయింది. ముక్కు దగ్గర వేలు పెట్టి చూశాను. శ్వాస ఉంది. ఇంకోసారి చూశాను. ఉంది.

గాలి మళ్ళిందనీ, మంట లోయ దాటలేదనీ ఎవరో చెప్పారు. నమ్మకం కలగక ఫోన్లో మ్యాపు తెరిచాను. మా చోట చిన్న ఇంటి బొమ్మ ఉంది. చక్కటి కప్పు, తలుపు, కప్పు మీద పొగగొట్టం. థ్రాసోస్‌ని తట్టాను.

"ఏమయ్యా, మనకి పొగగొట్టం లేదు కదా. రేపు వచ్చి అడిగితే?"

థ్రాసోస్ పక్క పరుపు మీద నుంచి కళ్ళు తెరవకుండానే అన్నాడు. "కడతాలే. పడుకో."